శుక్రవారం గడప దాటని సీసా

ఆస్ట్రేలియా వెళ్ళొచ్చానని తెలిసిన దగ్గర్నుంచి తెనాలిలో కనిపించిన ప్రతివాళ్ళూ కంగారూల గురించే అడుగుతున్నారు. చూశానమ్మా చూశాను. ఎక్కువ రోడ్డు పక్కన చచ్చిపడున్నవే చూశాను. సిడ్నీలో సముద్రం ఒడ్డున ఆ తెల్లటి నాటకశాల కూడా చూశాను. దగ్గరికెళ్ళి చూస్తే మన స్నానాలగదిలో అతికించే పలకల్లాంటివే ఉన్నాయి. వాటి గురించి రాసేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. అక్కడి మనవాళ్ళు మూడిళ్ళవాళ్ళు కలిసి ఒక్క సీసాని ఏ గతి పట్టించారో చెప్పేవాళ్ళు మాత్రం లేరు. ఉంటే గింటే నేనే.

క్వేకర్స్ హిల్

మా తమ్ముడు శేఖరం సిడ్నీ శివార్లలో క్వేకర్స్ హిల్ అనే చోట ఇరవయ్యేళ్ళుగా ఉంటున్నాడు. ద్రాక్షతోటల తెగుళ్ళ మీద పరిశోధన చేసే ఉద్యోగం. ఆకుమచ్చ గురించి అడిగితే గంటసేపు చెబుతాడు. సొంత సంగతి ఒక్కటడిగితే నోట్లో నీళ్ళు పోసుకున్నవాడిలా ఊరుకుంటాడు. బళ్ళో లెక్కలు చెప్పి రిటైరయ్యాక, రెండు నెలలుండి వద్దామని వాడి దగ్గరికి వెళ్ళాను.

ఒక బుధవారం సాయంత్రం వాడికి ఫోనొచ్చింది. మాట్లాడింది క్లేర్ అనే ఫ్రెంచి అమ్మాయి. ఫోను పెట్టేశాక నేను గుచ్చి గుచ్చి అడిగితే విషయం బయటికొచ్చింది. చదువుకునే రోజుల్లో వీడు ఫ్రాన్సులో బోర్డో దగ్గర ఒక చిన్న ద్రాక్ష ఎస్టేటులో ఒక కోతల కాలమంతా పనిచేశాడు. ఎస్టేటంటే కోటా పేటా కాదు. ఒక పెంకుటిల్లు, నేలమాళిగ, ఇంటి చుట్టూ తోట. ఆ ఇంటావిడే వైన్ చేసేది. ఆ ఏటి పళ్ళతో చేసిన ఎర్ర వైన్ రెండేళ్ళ తర్వాత సీసాల్లోకెక్కితే, అందులో ఒకటి వీడికి పంపింది. "ఇప్పుడు తాగితే మొద్దుగా ఉంటుంది. ఇరవయ్యేళ్ళు చీకట్లో పడుకోబెట్టు" అని చెప్పి పంపిందట. అప్పట్లో తోటలో వీళ్ళ వెనకాల పరిగెత్తే ఆవిడ కూతురే ఈ క్లేర్.

ఆ పెద్దావిడ కిందటేడు పోయింది. ఆ వైపు ఇప్పుడు వైన్ కొనేవాళ్ళు తగ్గిపోయారట. తోటలు పీకేస్తామంటే ప్రభుత్వమే ఎదురు డబ్బిస్తోందట. క్లేర్ అన్నలిద్దరూ పీకేద్దామంటున్నారు. మిగిలింది ఈ పిల్ల సంతకం. ఏం తేల్చుకోలేక మెల్‌బోర్న్ దగ్గర తోటల్లో కోత పనికని వచ్చేసింది. శనివారం పొద్దున్న తిరుగు విమానం. వెళ్ళగానే సంతకం పెట్టడమో, పెట్టనని చెప్పడమో జరగాలి.

"మా అమ్మ ఆ ఏటి వైన్ గురించి చచ్చేదాకా చెప్పుకుంది. ఇంట్లో ఒక్క సీసా కూడా మిగల్చలేదు, అన్నీ అమ్మేసింది. నీ దగ్గరున్నది ఒక్క గుక్క తాగితే ఆ నేల సత్తా ఏంటో నాకు తెలుస్తుంది. బాగుంటే పీకనివ్వను. లేదంటే వెళ్ళి సంతకం పెట్టేస్తాను" అందట ఫోనులో.

శుక్రవారం సాయంత్రానికి మెల్‌బోర్న్ తెచ్చిస్తానని వీడు మాటిచ్చేశాడు. ఇచ్చి, మెట్ల కింద అలమర తెరిచాడు. పాత తువ్వాలు మడతపెట్టి ఉంది. సీసా లేదు.

"ఓ, అదా?" అంది మా మరదలు సునీత, చేతిలో గరిటెతో వంటింట్లోంచి వచ్చి. "కాన్‌బెర్రాలో రమేష్ వాళ్ళ గృహప్రవేశానికి ఇచ్చేశాం కదండీ. నిండా దుమ్ము! ఎవరో మనకిచ్చి ఉంటారులే అనుకున్నా. ఎక్స్‌పైర్ అయిపోయిందేమోనని చూశాను కూడా వదినా. డేట్ లేదు, ఇయర్ ఒక్కటే ఉంది."

అక్కడ మనవాళ్ళకో అలవాటుంది. కొత్తింటికి వెళ్తే పసుపు కుంకుమలతో పాటు ఒక వైన్ సీసా కూడా పట్టుకెళ్తారు. తాగేవాళ్ళా తాగనివాళ్ళా అని ఎవరూ చూడరు. తీసుకున్నవాళ్ళు దాన్ని దాచి ఇంకో గృహప్రవేశానికి పట్టుకెళ్తారు. మనూళ్ళో స్టీలు గిన్నెలు తిరిగినట్టు అక్కడ సీసాలు తిరుగుతాయి. పోనీ అది సునీత సొమ్మా అంటే కాదు. అత్త సొమ్ము అల్లుడు దానం!

"భార్యకి చెప్పుకోలేవుట్రా ఇదీ కథ అని?" అని వాణ్ణి అడిగాను.

"అడగలేదు కదక్కా" అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

సరే, రమేష్‌కి ఫోన్ చెయ్యమన్నాను. చేశాడు. మావాడు ఏమన్నాడో తెలుసా? "రేపు అటు వస్తున్నాం, మీ ఇంట్లో భోంచేస్తాం" అన్నాడు. ఇచ్చిన వస్తువు ఫోనులో తిరిగి అడిగితే బాగోదట! ఎదురుగా కూర్చుని, తిని, మెల్లగా అడగాలట.

గొర్రె దగ్గర పులిహోర

గురువారం పొద్దున్నే కార్లో బయలుదేరాం. సునీతకి సెలవు దొరకలేదు. నన్నూ వద్దన్నారు. వీణ్ణి ఒంటరిగా పంపితే రమేష్ ఇంట్లో మూడుపూటలా తిని వట్టి చేతులతో వస్తాడని నాకు తెలుసు, అందుకని ఎక్కి కూర్చున్నాను.

దారిలో గోల్‌బర్న్ అనే ఊళ్ళో మూడంతస్తుల ఎత్తున సిమెంటు గొర్రె ఉంది. ఉన్ని ఆ ఊరికి అన్నం పెట్టిందని అభిమానమట. దాని పక్కన బల్ల మీద కూర్చుని పులిహోర డబ్బా తెరిచాను. మూత పక్కన పెట్టేలోపు నలుపూ తెలుపూ పిట్ట ఒకటి దిగి, ఏరుకున్నట్టు జీడిపప్పులు మాత్రం ముక్కున కరుచుకుని పోయింది. అక్కడ దాన్ని కొట్టడానికి కూడా వీల్లేదట, చట్టం. టీ తాగుదామని పక్కనున్న అంగడికి వెళ్తే కాగితం కప్పులో వేడినీళ్ళు, దారం కట్టిన పొట్లం, విడిగా పాలు ఇచ్చి ఆరు డాలర్లు తీసుకున్నారు. టీ మనమే పెట్టుకునేటప్పుడు డబ్బులు మనకివ్వాలి గాని వాళ్ళకెందుకివ్వాలి?

కారెక్కాక శేఖరం వాడంతట వాడే ఎస్టేటు గురించి చెప్పడం మొదలెట్టాడు. సీసా పోయిన దుఃఖంలో నోరు వచ్చినట్టుంది. తోటలో ప్రతి వరస చివరా ఒక గులాబీ మొక్క ఉండేదట. తెగులొస్తే ముందు గులాబీకి కనిపిస్తుందట. పీపాలో వైన్ తేరుకోవడానికి కోడిగుడ్ల తెల్లసొన కలిపేవాళ్ళట. మడ్డినంతా పట్టుకుని అది అడుక్కి దిగిపోతే, పైన తేటని వేరే పీపాలోకి తీసేవాళ్ళట. గుడ్లు పగలగొట్టి తెల్లసొన వేరుచేసే పని మావాడికే అప్పజెప్పిందట ఆవిడ.

"గుడ్లా? నువ్వు ముట్టుకున్నావా?" అన్నాను. మా ఇంట్లో గుడ్డు పేరెత్తితే మా అమ్మ వాకిలి కడిగేది.

"బుట్టలకొద్దీ పగలగొట్టానక్కా. మొదటిరోజు వాంతి చేసుకున్నాను. ఆవిడ నవ్వలేదు. మర్నాటి నుంచి నాకని విడిగా పప్పు వండి పెట్టేది. ఉప్పు తప్ప ఏం ఉండేది కాదు. నేను తినేదాకా ఎదురుగా కూర్చునేది."

ఇన్నేళ్ళలో వాడు ఈ మాట నాకే చెప్పలేదు, పెళ్ళానికేం చెబుతాడు!

గంగాలిన్

కాన్‌బెర్రా రాజధాని అంటే ఢిల్లీలా ఉంటుందనుకున్నాను. రోడ్డు మీద మనుషులు లేరు. ఎర్ర రైలొకటి వీధి మధ్యలోంచి చప్పుడు లేకుండా పోతుంది, అందులోనూ నలుగురే ఉన్నారు. ఊరికి ఉత్తరాన గంగాలిన్‌లో రమేష్ ఇల్లు. కరీంనగర్ వైపు కుర్రాడు, ప్రభుత్వాఫీసులో కంప్యూటర్ పని. అతని భార్య బగారా అన్నం, పచ్చిపులుసు, సొరకాయ పెరుగుపచ్చడి చేసింది. కోపంలో ఉన్నా సరే నిజం చెప్పాలి, పచ్చిపులుసు అమృతం. మూడుసార్లు పోయించుకున్నాను.

శేఖరం మాత్రం ఇంటి లోను గురించి, కొత్త రోడ్డు గురించి, చలి గురించి మాట్లాడాడు. పెరుగన్నం దాకా వచ్చింది. సీసా మాట రాలేదు. నేనే అడిగేశాను.

"వైన్ బాటిలా అక్కా?" రమేష్ కాస్త ఆలోచించాడు. "ఆ... యాదికొచ్చింది. మనింట్ల వైన్ ఎవ్వలు తాగరు. మెల్‌బోర్న్ దిక్కు ట్రుగనీనాల మా దోస్తు ప్రసాద్ ఇల్లు కట్టిండు. జనవరిల పోయినం గదా, గాళ్ళకిచ్చినం. ఏమైందక్కా?"

అతని కూతురు, పన్నెండేళ్ళుంటాయి, తెలుగంతా అర్థమైనట్టుంది. "డాడ్! యూ రీ-గిఫ్టెడ్ ఇట్? దట్స్ సో ఎంబరాసింగ్!" అంది.

"ఏందే ఎంబరాసింగ్? అందరు గట్లనే చేస్తరు" అన్నాడు తండ్రి.

గాడిదకేం తెలుసు గంధపుచెక్కల వాసన అనబోయి, తిన్న పచ్చిపులుసు గుర్తొచ్చి ఆగాను. ఈసారి ఫోను నా ఎదురుగానే చేయించాను. ట్రుగనీనా ప్రసాద్ "అట్లనే ఉండాదన్నా, ఎవురూ ముట్టలా. రేపొచ్చి తీసుకపోండి" అన్నాడు. అప్పుడు గానీ శేఖరం మొహంలో నెత్తురు కనిపించలేదు.

మర్నాడు బయల్దేరుతుంటే రమేష్ భార్య నాకు బొట్టు పెట్టి, తాంబూలంలో రవికెల గుడ్డ పెట్టి ఇచ్చింది. మెంతిరంగు మంగళగిరి గుడ్డ, అంచుకి సన్న జరీ. రెండేళ్ళ క్రితం నేనే మంగళగిరి వెళ్ళి, మగ్గం దగ్గర ఏరి, సునీతకి పంపిన గుడ్డ అది! నవ్వుతూ తీసుకున్నాను. నవ్వడానికి నా దవడలు నెప్పి పుట్టాయి.

ట్రుగనీనా

గంగాలిన్ నుంచి మెల్‌బోర్న్‌కి పగలంతా ప్రయాణమే. దారి పొడుగునా ఎండిన గడ్డి, ఆవులు, నేను మొదట్లో చెప్పిన కంగారూలు. ఊరికి పడమటి వైపు ట్రుగనీనా. అటు చూస్తే గోదాములు, ఇటు చూస్తే ఒకే అచ్చులో పోసినట్టు కొత్త ఇళ్ళు. ప్రతి ఇంటికీ మొహం మీద కారు గరాజు తలుపే కనబడుతుంది, మనిషి వెళ్ళే తలుపు పక్కకెక్కడో నక్కి ఉంటుంది. రెండుసార్లు వేరేవాళ్ళింటి గంట కొట్టి సారీ చెప్పుకున్నాం.

ప్రసాద్‌ది ప్రొద్దుటూరు. చదువుకోడానికొచ్చి గోదాములో సూపర్‌వైజరై స్థిరపడ్డాడు. మేం వెళ్ళేసరికి అతని భార్య కవిత దేవుడిగదిలో దీపం పెట్టి, గడపకి పసుపు రాసి, పట్టుచీరలో ఉంది. కాఫీ ఇచ్చింది. తాగుతూ నేను తోట సంగతి, వీడు పెళ్ళానికి కూడా చెప్పని సంగతి అంతా చెప్పాను. ఎదురుగా పడమటి కిటికీ దగ్గర అద్దాల షోకేసు. అందులో కొండపల్లి బొమ్మలు, పిల్లల కప్పులు, వాటి మధ్య నిలబడి ఉంది సీసా. ఎండలో ఆ గాజు ముదురు ఆకుపచ్చగా మెరిసిపోతోంది.

"దీనికోసమేనా ఇంత దూరం వచ్చినారు?" అంది కవిత మురిపెంగా. "దుమ్ము పట్టిపోయి ఉండె అక్కా. నేనే పీచు పెట్టి తోమి, కాయితమంతా ఊడదీసి, తళతళలాడేటట్టు చేసినా."

శేఖరం లేచి నిలబడ్డాడు. మళ్ళీ కూర్చున్నాడు. ఎర్ర వైన్ సీసాని పడుకోబెట్టాలి, మూతికి బిగించిన బెండు తడిగా ఉండాలి కనుక. చీకట్లో ఉంచాలి. చల్లగా ఉంచాలి. ఈ మూడూ దారిలో వాడు నాకు పాఠంలా చెప్పాడు. మెల్‌బోర్న్ జనవరి ఎండకి పడమటి కిటికీలో నిలబెట్టారు దాన్ని!

"సరేలేమ్మా, ఇలా ఇచ్చెయ్యి, వెళ్ళాలి" అన్నాను పళ్ళు బిగపట్టి.

కవిత కదలలేదు. "రేపు పొద్దన్నే ఇస్తానక్కా. శుక్రారం, దీపం పెట్టినాక ఇంట్లో వస్తువు గడప దాటించకూడదు గదా. కొత్తిల్లు. మీకు తెలీనిదేముంది!"

"రేపు పొద్దున్నే ఆ అమ్మాయి విమానం ఎక్కేస్తుందమ్మా! సంతకం సంగతి నీకు చెప్పామా లేదా? ఒక తోట ఉంటుందా పోతుందా అని మేం కొట్టుకుంటుంటే నీకు శుక్రవారమా?"

"లక్ష్మీదేవి పోతే మీరు తెచ్చిస్తారా?" అంది కవిత.

ఒళ్ళు మండిపోయింది నాకు. కానీ ఏమనను? తెనాలిలో మా పక్కింటావిడ శుక్రవారం సాయంత్రం తోడుకి గరిటెడు మజ్జిగడిగితే నేనూ రేపు రమ్మనేదాన్నే. మా అమ్మా అంతే. ఇంతదూరం వచ్చి నా ఆచారమే నాకు అడ్డం నిలబడింది. ప్రసాద్ "ఇచ్చేయ్ మే, ఏం కాదు" అంటే, ఆవిడ చూసిన చూపుకి లోపలికెళ్ళిపోయాడు.

అప్పుడు తట్టింది నాకు. "సీసా గడప దాటకూడదు, అంతేగా? మనిషి లోపలికి రావచ్చుగా?"

"ఇంట్లో మందా!" అని గుండె మీద చెయ్యేసుకుంది. "దేవుడిగది ఉండాది!"

"గరాజ్ ఉందిగా" అని లోపల్నుంచి వినబడింది ప్రసాద్ గొంతు. వెంటనే, గరాజు ఇంట్లో భాగమా కాదా అని భార్యాభర్తల మధ్య వాదన మొదలైంది. ఒకే పైకప్పు, గృహప్రవేశం రోజు అక్కడా గుమ్మడికాయ తిప్పారు, కనుక ఇల్లే అని చివరికి తేల్చారు. శేఖరం క్లేర్‌కి ఫోన్ చేశాడు. విమానాశ్రయం దగ్గర హోటల్లో ఉంది, అరగంటలో వస్తానంది.

గరాజ్

అక్కడ మనవాళ్ళకి గరాజంటే కారు పెట్టుకునే చోటు కాదు. కారు బయట వానలో ఉంటుంది. లోపల బియ్యం బస్తాలు, పెద్ద ఫ్రీజరు, చేపలు వేయించుకునే రెండో స్టవ్వు ఉంటాయి. ప్లాస్టిక్ కుర్చీలు వేసి కూర్చున్నాం. క్లేర్ టాక్సీ దిగి వచ్చింది. ముప్పై దాటిన మనిషి, పొట్టి జుట్టు, వేళ్ళన్నీ ద్రాక్షరసానికి నల్లబడి ఉన్నాయి. శేఖరాన్ని చూడగానే కావలించుకుంది. వాడు కర్రలా నిలబడ్డాడు, పాపం.

కవిత సీసా తెచ్చి చేతికిచ్చింది. ఆ పిల్ల దాన్ని ఒకసారి తిప్పింది. మళ్ళీ తిప్పింది.

"దీని మీద కాగితమేదీ?" అని ఇంగ్లీషులో అడిగింది.

 శేఖరమే జరిగింది చెప్పాడు. "ఆ కాగితం మీద మా ఇంటి బొమ్మ ఉండాలి. మా అమ్మ గీసింది" అంది క్లేర్.  కవిత వైపు చూసిన చూపుకి నేనైతే లేచి పారిపోయేదాన్ని.

క్లేర్ జేబులోంచి బెండు లాగే మర తీసి తిప్పింది. బెండు సగానికి విరిగి పొడిపొడిగా రాలింది. కవిత పెరుగు వడకట్టే కొత్త గుడ్డ తెచ్చి, స్టీలు గ్లాసుల మీద పరిచింది. వడకట్టగా దిగిన వైన్ ఎరుపు కాదు, తుప్పు రంగు. నేను తాగను, వాసన చూశాను. చింతపండు రసం అడుగంటినట్టుంది.

క్లేర్ ఒక గుక్క తాగి, నోట్లోనే ఉంచుకుని, కళ్ళు మూసుకుంది. శేఖరం తన గ్లాసు ఎత్తలేదు, ఆమె మొహమే చూస్తున్నాడు.

"ఉడికిపోయింది" అంది కళ్ళు తెరిచి. "ఎండకి ఉడికిపోయింది. మంచిదో కాదో తెలియట్లేదు. ఇందులో మా అమ్మ లేదు, మా నేలా లేదు. ఏమీ తెలియట్లేదు."

ఇక నేను ఆగలేదు. లేచి, ఇంగ్లీషూ తెలుగూ కలిపి అందుకున్నాను. "ఒకామె దుమ్మని ఇచ్చేసింది, ఒకాయన మాకొద్దని ఇచ్చేశాడు, నువ్వేమో తోమి ఎండబెట్టావు! ఒక మనిషి బుట్టలకొద్దీ గుడ్లు పగలగొట్టించి, తేర్చి, ఇన్నేళ్ళు ఆగమని నమ్మి పంపిన వస్తువమ్మా అది! మీకు వస్తువంటే బరువే తప్ప విలువ లేదా?"

కవిత ఊరుకుంటుందా? ముక్కు ఎర్రబడింది. "ఎవురన్నా చెప్పినారా నాకు? మీ తమ్ముడు సొంత పెండ్లానికే చెప్పలేదంట! నాకు తెలిసిన కాడికి శుభ్రం చేసి, బొమ్మల పక్కన పెట్టుకున్నా. పారెయ్యలా, ఎవురికీ ఇయ్యలా! మూడిండ్లల్లో దాన్ని ఉంచుకునింది నేనొక్కదాన్నే!"

కవిత ఏమంటోందని క్లేర్ అడిగింది. శేఖరం నేల చూస్తూ, ఒక్క ముక్క వదలకుండా అనువదించాడు. పెళ్ళానికి చెప్పని మాటతో సహా చెప్పాడు.

 క్లేర్ ఫోన్ తీసి, గరాజులోనే అటూ ఇటూ నడుస్తూ ఎవరికో చేసింది. మొదట మెల్లగా మాట్లాడింది. అవతలి గొంతు పెరిగింది, ఈమె గొంతు ఇంకా పెరిగింది. బియ్యం బస్తాని కాలితో తన్నింది. చివరికి ఒక్క అరుపు అరిచి పెట్టేసింది. కళ్ళ నిండా నీళ్ళు.

"మా పెద్దన్న" అంది మాతో. "సంతకం పెట్టనని చెప్పాను. బాగుంటే ఉంచుకుందాం, లేకపోతే పీకేద్దాం అనుకుంటూ వచ్చాను. కానీ ఒట్టి కాగితం ఊడదీసిందని తెలియగానే నాకు ఈవిణ్ణి కొట్టాలనిపించింది. కాగితానికే ఇంత కోపమొస్తే, నా కళ్ళ ముందు యంత్రం పెట్టి తీగలు లాగుతుంటే నేను చూడగలనా?"

శేఖరం గ్లాసెత్తి, ఆ ఉడికిన వైన్ మొత్తం తాగేశాడు.

కవితకి ఆ ఫ్రెంచి యాస ఇంగ్లీషు అంతా అందలేదు. కొంగుతో మొహం తుడుచుకుని, నా చెవి దగ్గరికొచ్చి, "ఏమంటాండాది అక్కా?" అంది.

"తోట పీకనివ్వదట. నువ్వు కాగితం ఊడదీశావని వచ్చిన కోపంలో తేల్చుకుందట."

కవిత ఒక్క క్షణం ఆలోచించింది. మొహం విప్పారింది.

"అయితే నేను తోమిందే మంచిదయ్యింది గదక్కా!" అంది.